మూలుగ కోసం భిలాయికి

పాతికేళ్ళుగా బస్సు కండక్టరుగా పనిచేస్తున్నాను. రోజూ ప్రయాణమే గానీ అంతా నిలబడి చేసేదే. ఒకచోట కూర్చుని ఎక్కడికైనా వెళ్ళమంటే నాకు కాళ్ళు లాగుతాయి, ఒళ్ళంతా జెర్రులు పాకినట్టుంటుంది. అలాంటివాణ్ణి పోయిన చలికాలం విజయనగరం నుంచి భిలాయి, అక్కణ్ణించి దుర్గ్ వెళ్ళొచ్చాను. డిపోలో ఎదురుపడ్డవాళ్ళంతా "ఏం చూశావు, ఏం తిన్నావు, ఉక్కు కాగడం చూశావా?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక రాస్తున్నాను. మనుషుల పేర్లు మార్చాను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

నేను వెళ్ళింది ఊరు చూడ్డానికి కాదు. నా భార్య కరుణకి ఒంట్లో రక్తం పుట్టడం ఆగిపోయింది. క్యాన్సర్ కాదన్నారు. ఆ మాటకి ఒక పూట కడుపునిండా అన్నం తిన్నాం. రెండో పూటకి డాక్టరు మిగతాది చెప్పారు. మనకి రక్తం తయారయ్యేది ఎముకల లోపలుండే మూలుగలోనట. కరుణకి ఆ మూలుగ ఎండిపోయింది. విశాఖలో ఎవరెవరిదో రక్తం ఎక్కించుకుంటూ రోజులు వెళ్ళదీస్తోంది. పళ్ళు తోముకుంటే చిగుళ్ళలోంచి నెత్తురు. అట్లకాడ తగిలితే చేతిమీద నల్లటి మచ్చ.

చెన్నైలో పెద్ద డాక్టరు అడిగారు. "ఆవిడకి తోబుట్టువులున్నారా?"

"ఒక తమ్ముడున్నాడండీ. భిలాయి స్టీల్ ప్లాంటులో పని."

"ఒకే తల్లికీ తండ్రికీ పుట్టినవాళ్ళయితే నలుగురిలో ఒకరికి పూర్తిగా కలిసే అవకాశం ఉంటుంది. బయటివాళ్ళతో కలవడం బాగా కష్టం. ముందు అతని రక్తం తీసుకురండి" అంటూ ఊదారంగు మూతలున్న రెండు గొట్టాలు ఇచ్చారు. ఐసు అక్కర్లేదన్నారు, రక్తం తీశాక రెండు మూడు రోజుల్లో తన దగ్గరుండాలన్నారు.

కలిసిందంటే తరవాత ఎలా తీస్తారని అడిగాను. మందుల చీటీ వెనక్కి తిప్పి ఆయన ఓపిగ్గా గీసి చూపించారు. రక్తాన్ని పుట్టించే మూలకణాలు మూడు చోట్ల దొరుకుతాయట. ఒకటి ఎముక. ఇచ్చేవాళ్ళకి మత్తిచ్చి, నడుం వెనకాల తుంటి ఎముకలో సూదులు దింపి మూలుగని లాగుతారు. రెండోది మామూలు నరాల్లో పారే రక్తం. నాలుగైదు రోజులు ఇంజెక్షన్లిస్తే ఆ కణాలు ఎముకలోంచి రక్తంలోకి వచ్చేస్తాయి. అప్పుడు ఒక చేతిలోంచి రక్తం తీసి మెషీన్లో తిప్పి, కావలసింది పట్టుకుని మిగతాది రెండో చేతికి ఎక్కిస్తారు. మూడోది పురిట్లో మనం పారేసే బొడ్డుతాడు, మాయ. ఆ రక్తంలోనూ ఇవి ఉంటాయి. ఆ చీటీని జేబులో పెట్టుకుని రైలెక్కాను.

ఖరియార్ రోడ్ దాటాక

రాత్రంతా బోగీలో ఈ చివరినుంచి ఆ చివరికి తిరిగాను. టీసీ రెండుసార్లు నన్ను చూసి టికెట్టు అడిగాడు. మూడోసారి నేనే అతని చార్టులో ఖాళీ బెర్తులు ఎన్నున్నాయో చెప్పాను. పాపం, నవ్వలేదు.

తెల్లారాక నా ఎదుటి సీట్లో ఒక పెద్దాయనా, ఆయన భార్యా మూట విప్పి అన్నం తీశారు. మనవైపు ఇటుక బట్టీల్లో పనిచేసి మహాసముంద్ దగ్గర వాళ్ళ ఊరికి తిరిగి వెళుతున్నారు. డబ్బాలో నీళ్ళల్లో నానిన అన్నం, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. దాన్ని బాసీ అంటారట. మన చద్దన్నమే. మనకయితే పొద్దున్న మాత్రమే, వాళ్ళకి మధ్యాహ్నానికీ అదే. పెద్దావిడ నా చేతిలో కూడా ఒక ముద్ద పెట్టింది. ఉప్పు కాస్త ఎక్కువైంది గానీ, కరుణ జబ్బు మొదలయ్యాక నేను రుచి తెలిసి తిన్న మొదటి ముద్ద అదే.

"కహాఁ జాథస్?" అన్నాడాయన. ఎక్కడికెళుతున్నావని. నాకొచ్చిన హిందీ అంతా తీర్థయాత్రల స్పెషల్ బస్సుల్లో నేర్చుకున్నది. దాంతోనే జబ్బూ, మూలుగా, బావమరిదీ అంతా చెప్పాను. ఆయన చెయ్యి కడుక్కుని తలూపాడు.

"రోపా" అన్నాడు. వరినాట్లకి వాళ్ళ మాట. నారు పీకి ఇంకో మడిలో నాటడమే కదా, దీనికింత కంగారెందుకని ఆయన ఉద్దేశం. నిజమే, అంతకంటే తేలిగ్గా డాక్టరు కూడా చెప్పలేదు. కానీ ఆయన అక్కడితో వదల్లేదు. నారు ఇచ్చిన మడికి ఏమవుతుందని అడిగాడు.

మళ్ళీ నెల తిరక్కుండా నిండిపోతుందని చెప్పాను. చెప్పాను గానీ, అప్పటిదాకా ఇచ్చేవాడి సంగతి నేను ఒక్కసారైనా ఆలోచించలేదని నాకే తెలిసింది. లేచి తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

దిగాల్సిన చోటుకి ముందే

జీవితమంతా "దిగేవాళ్ళు ముందుకు రండి" అని అరిచినవాణ్ణి, నేను దిగాల్సిన స్టేషను తప్పాను. రాయపూర్ దాటాక బోర్డు మీద భిలాయి అన్న మాట కనబడగానే సంచీ భుజాన వేసుకుని దూకేశాను. రైలు కదిలి వెళ్ళిపోయాక టీ అమ్మేవాడు చెప్పాడు. "పవర్ హౌస్ ఆగే హై భయ్యా. ఆప్ జల్దీ ఉతర్ గయే." నేను దిగాల్సిన పవర్ హౌస్ ఇంకా ముందుందట. ఒకే ఊరి పేరుతో వరసగా మూడు స్టేషన్లు పెట్టుకుంటే పై ఊరినుంచి వచ్చినవాడికి ఎలా తెలుస్తుంది? ఈ సంగతి డిపోలో ఎవరికీ చెప్పకండి.

షేర్ ఆటోలో పదిమందితో కలిసి పవర్ హౌస్ చేరాను. కొత్త రాష్ట్రం వచ్చి కొన్నేళ్ళయినా దారిలో ఇంకా కొన్ని దుకాణాల బోర్డుల మీద మధ్యప్రదేశ్ అనే ఉంది. మార్చడానికి ఎవరికీ తొందర లేదు.

పవర్ హౌస్

నా బావమరిది ప్రభుదాసు మార్కెట్టు మొగలో స్కూటరు మీద కాలు ఆనించి నిలబడున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి. ప్లాంటు స్టోర్సులో పని. మా మామగారు సర్వీసులో ఉండగానే పోతే ఆయన కొడుకుగా ఇతనికి ఆ ఉద్యోగం ఇచ్చారు. ఇక్కడే పెరిగాడు గనక తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు.

"బావా! గంట నుంచి నిలబడ్డాను. తమరేమో రాజుగారిలాగ ఆటోలో వస్తున్నారు!"

స్టేషను తప్పానని చెప్పలేదు. బండి లేటన్నాను. నన్ను పట్టుకెళ్ళి పోహా తినిపించాడు. వేడి అటుకుల మీద సేవ్, అంటే సన్న కారప్పూస, చల్లి, పక్కన జిలేబీ పెట్టి ఇస్తారు. ఉప్పూ, కారం, తీపీ ఒక్క ఆకులో. మనం ఉప్మా పక్కన పంచదార పెట్టుకున్నా ఇంత ధైర్యం చెయ్యం. ప్లేటు ఐదు రూపాయలు. అతను రెండు ప్లేట్లు తిన్నాడు.

"ఎప్పుడు తీస్తారు బావా నా బోన్ మ్యారో? డేట్ చెప్పు, లీవ్ పెట్టేస్తాను. మెషీనైనా ఓకే, హడ్డీ, అదే ఎముక అయినా ఓకే. దీదీ కోసం రెండూ తీసుకోండి!"

"ముందు కలవాలయ్యా."

"కలవకపోవడమేంటి? మా ఇద్దరి ముక్కులూ చూడు, కాపీ టు కాపీ!"

నిజంగానే పోలికలున్నాయి. నాకు గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఆ సంతోషంలో నేనూ ఇంకో జిలేబీ తిన్నాను.

మరోదా క్వార్టరు

మరోదాలో క్వార్టర్లన్నీ ఒక్కలాగే ఉంటాయి. ముందు చిన్న ఖాళీ జాగా, అందులో బొప్పాయి చెట్టు, గోడమీద ఆరేసిన యూనిఫారం. అత్తగారు సంతోషమ్మ గుమ్మంలోనే నిలబడుంది. "వందనాలు బాబూ. కరుణ ఎలగుంది?" అంటూ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ప్రభు భార్య పుష్ప మంచినీళ్ళిచ్చింది. ఏడో నెల.

భోజనాలయ్యాక నేను గొట్టాలు తీసి బల్లమీద పెట్టాను. అత్తగారు వాటిని చూసి వెనక్కి జరిగింది.

"ప్రభుకొద్దు బాబూ. ఆడికి సిన్నప్పుడు గుండి ఆపరేషనయింది."

"ఇప్పుడు తీసేది రెండు చెంచాల రక్తం, అంతే అత్తయ్యా."

"తరవాతో? ఎన్నులో సూదులెడతారట. కాళ్ళు పడిపోతాయట."

"వెన్నులో కాదు, తుంటి ఎముకలో. ఒక్కరోజు ఆసుపత్రి. వారం పదిరోజులు నడుం నొప్పి ఉంటుంది. అదీ వద్దంటే మెషీనుంది." చీటీ తీసి బొమ్మలు చూపించాను. ఆవిడ బొమ్మల వంక చూడలేదు. మూడోదాని మీద వేలు పెట్టింది.

"ఇదేటి?"

"బొడ్డుతాడు రక్తం."

"అయితే అదే సెయ్యండి. పుష్పకి రెండు నెలల్లో పురుడు. ఎలాగూ పారేసీదే గదా. ఎవలకీ నొప్పుండదు, ఎవల్నీ పొడవక్కర్లేదు."

ఆవిడ ముఖంలో ఎంత ఆశ కనబడిందో! అది తప్పని చెప్పడానికి నోరు రాలేదు గానీ చెప్పాను. బొడ్డుతాడులో దొరికేది టీ గ్లాసుడు. అది చిన్నపిల్లలకైతే సరిపోతుంది, నలభైకి దగ్గరపడుతున్న మనిషికి చాలదు. అతుక్కున్నా రక్తం పుట్టడానికి చాలా రోజులు పడుతుంది, ఈలోపల ఏ జ్వరమో వస్తే చాలు. పైగా తమ్ముడి బిడ్డ సగానికి సగం పరాయి రక్తం. రెండు నెలలు కరుణ ఆగగలదో లేదో కూడా ఎవరూ చెప్పలేరు.

అంతా విని మళ్ళీ మొదటికే వచ్చింది. "అయినా ఒకపాలి డాక్టర్ని అడుగు బాబూ." సాయంత్రానికి మూడుసార్లు అదే మాట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వీధిలోకి పోయి ఆ సెక్టారు చుట్టూ నాలుగు రౌండ్లు కొట్టాను. కొడుకు మీద ఈగ వాలనివ్వదు, కూతురు మాత్రం నెత్తురు కక్కుకుంటూ పడుండాలా?

ఆదివారం

రక్తం తీసే ల్యాబు ఆదివారం తెరవరు. సోమవారం పొద్దున్న తీయించి, సాయంత్రం దుర్గ్‌లో బండెక్కుదామని ప్రభూ, నేనూ నిర్ణయించుకున్నాం. పొద్దున్నే అందరం గుడికి, అదే చర్చికి వెళ్ళాం. తెలుగు ఆరాధన. మన దగ్గర ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు చాపలమీద కూర్చుంటారు. ఇక్కడ కుర్చీలు, కుటుంబాలన్నీ కలిసే కూర్చున్నాయి. పాటలు తెలుగువే గానీ కుర్రకారు పుస్తకాల్లో వాటిని హిందీ అక్షరాల్లో రాసుకుని పాడుతున్నారు.

చివర్లో పాస్టరుగారు ప్రభుని ముందుకి పిలిచారు. "మన సంఘంలో పెరిగిన కరుణమ్మకి తమ్ముడు తన ఎముకలోంచి ప్రాణం ఇస్తున్నాడు. సొంత తోబుట్టువు తప్ప ఇంకెవరు ఇవ్వగలరు?" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ప్రభు సిగ్గుపడుతూ చేతులు జోడించాడు. ఆ చప్పట్ల మధ్యలో మా అత్తగారు లేచి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది.

వెంటనే వెళదామంటే నన్ను కదలనిస్తేనా? ఒక రిటైరైన ఫోర్‌మన్ నా భుజం పట్టుకుని మెషీను పద్ధతే గొప్పదన్నాడు. ఒక నర్సమ్మ మూలుగే మంచిదంది. ఇంకొకాయన పెద్ద ఊళ్ళల్లో బొడ్డుతాళ్ళని బ్యాంకుల్లో దాస్తున్నారట కదా, ఒకటి కొనుక్కోరాదా అన్నాడు. అందరికీ దణ్ణం పెట్టి తప్పించుకున్నాను. ప్రభు, పుష్ప అక్కడ విందుకి ఉండిపోయారు.

వంటింట్లో

అత్తగారు స్టవ్వు దగ్గర పీట మీద కూర్చుని ఉంది. స్టవ్వు వెలిగించలేదు. నేను గుమ్మంలో నిలబడే మొదలుపెట్టాను. పాతిక ఏళ్ళ కండక్టరు నోరు కదా, ఎంత మాట పడితే అంత మాట అన్నాను.

"మీకు కొడుకు ఉంటే చాలు. పెళ్ళిచేసి పంపేసిన పిల్ల ఉంటే ఎంత, పోతే ఎంత! అడుగుతున్నది ప్రాణం కాదు అత్తయ్యా, మళ్ళీ ఊరే మూలుగ. కన్నతల్లివేనా నువ్వు?"

ఆవిడ తలెత్తి చూసింది.

"కరుణకి కన్నతల్లినే బాబూ. ప్రభుకి కాదు."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"ఆడు మా సెల్లి దీనమ్మ కొడుకు. పుట్టుకతోనే గుండిలో బొక్క. దీనమ్మ మొగుడు కాంట్రాక్టు కూలీ. ఆలకి మెడికల్ బుక్కు లేదు, పెర్మినెంటు గనక మాకుంది. బుక్కులో పేరుంటేనే ప్లాంటు ఆసుపత్రిలో సూస్తారు, పెద్దూరు పంపి ఆపరేషను సేయిస్తారు. అప్పుడు ఇద్దరం పురిటికి పలాస దగ్గిర మా అమ్మింటికెల్లినాం. ఆడు పుట్టిన మూడు నెల్లకి నాకు పిల్ల పుట్టింది. దుక్కలాగుండీది, ఏ రోగం లేదు. మూడు నెల్ల తేడాలో ఇద్దరు పిల్లల్ని ఒకే బుక్కులో ఎలగ రాస్తాం? మీ మావగారన్నారు, బాగున్న పిల్లకి బుక్కెందుకే, రోగమున్నోడికి గావాల గానీ అని. తిరిగొచ్చినప్పుడు నాను ఆణ్ణెత్తుకొచ్చినాను, దీనమ్మ నా పిల్లనెత్తుకెల్లింది."

"మళ్ళీ మార్చుకోలేదా?"

"ఆపరేషనయిపోతే మార్సుకుందాం అనుకున్నాం. అయ్యీసరికి మూడేళ్ళయింది. ఆడు నన్నే అమ్మా అంటన్నాడు. అది దీనమ్మనొదిలి రాదు. ఇస్కూల్లో పేర్లు రాయించీసినాం. ఇక ఎలగ మారస్తాం? ఇప్పుడు రక్తం సూస్తే తెలిసిపోద్దేమో, ఆడి నౌకరీ పోద్దేమో. కడుపుతో ఉన్న పిల్లుంది ఇంట్లో."

నేను గుమ్మంలోనే కూలబడ్డాను. విజయనగరంలో బయల్దేరాక నిజంగా కూర్చున్నది అప్పుడే. ఆ తల్లిని నేను అన్న మాటలు చెవుల్లో గింగురుమంటున్నాయి. అదే సమయంలో, సిగ్గులేకుండా చెబుతున్నాను, నా బుర్రలో ఇంకో లెక్క మొదలైంది. అయితే కరుణకి సొంత చెల్లెలుందన్నమాట.

"ఆ పిల్ల ఎక్కడుంది అత్తయ్యా?"

"దుర్గులో. నీకు తెలిసిన పిల్లే. విజయ."

విజయ! మా పెళ్ళిలో కరుణ చేతులకి గోరింట పెట్టిన పిల్ల. పన్నెండేళ్ళుగా నాతో పరాచికాలాడే మరదలు. పిన్ని కూతురు కదా, కలవదని మేం దాని పేరే తలవలేదు.

సాయంత్రం ప్రభుతో అబద్ధం చెప్పాను. చెన్నైకి ఫోన్ చేశాననీ, గుండె ఆపరేషను అయినవాళ్ళ దగ్గర తీసుకోరన్నారనీ. పిన్ని పిల్లలకి కూడా ఎక్కడో ఒకరికి కలుస్తుందట, విజయని అడిగి చూస్తామన్నాను. ప్రభు చొక్కా గుండీలు విప్పి ఛాతీ మీద గీత చూపించాడు. "బచ్‌పన్ మే హువా థా బావా! ఇప్పుడు ఫస్ట్ క్లాసుగా ఉన్నాను కదా. ఫిర్ సే పూఛో నా, ఇంకోసారి అడుగు." నేను అతని కళ్ళల్లోకి చూడలేకపోయాను. ఆ ఇంటివాళ్ళు ఇరవై ఎనిమిదేళ్ళుగా మోస్తున్నదాన్ని ఒక్క పూటలో నేనూ ఎత్తుకున్నాను.

దుర్గ్ కచేరీ

సోమవారం పొద్దున్న అత్తగారూ, నేనూ దుర్గ్ వెళ్ళాం. మరోదా నుంచి ఆటోలు మారి వెళ్ళినా గంట పట్టలేదు. కచేరీ అంటే అక్కడ కోర్టు. దాని గోడ పక్కన టార్పాలిన్ల కింద వరసగా టైపు మెషీన్లు. విజయ అక్కడ హిందీలో అఫిడవిట్లు టైపు చేస్తుంది. ఆ వరసలో ఆడమనిషి ఆమె ఒక్కతే. ఎదురుగా ఒక ముసలాయన స్టూలు మీద కూర్చుని తన పేరూ, తండ్రి పేరూ చెబుతున్నాడు.

మమ్మల్ని చూసి ఆమె వేళ్ళు ఆగాయి.

"బావా! పెద్దమ్మా! ఏటిలగొచ్చినారు? అక్క బాగుందా?"

టీ తెప్పించింది. అత్తగారు గ్లాసు పట్టుకుంది గానీ తాగలేదు. నేనే జబ్బు గురించి చెప్పాను. తోబుట్టువుల మూలుగ కావాలని చెప్పాను. ప్రభుది పనికిరాదని చెప్పాను. అక్కడితో ఆగి అత్తగారి వైపు చూశాను. విజయ కాసేపు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"నాకు తెలుసు పెద్దమ్మా" అంది. "అమ్మ పోయీ ముందు సెప్పీసింది. నాలుగేళ్ళయింది."

అత్తగారు టీ గ్లాసు కింద పెట్టేసింది.

"ఏదో ఒక రోజు నువ్వొస్తావనుకున్నాను. వచ్చి ఏటీ అడగక్కర్లేదు, ఊరికే కూకుంటావనుకున్నాను. గంట దూరం. నాలుగేళ్ళు సూసినాను. ఇదిగో, ఇయ్యాల వొచ్చినావు. అక్కకి రక్తం కావాలని వొచ్చినావు."

మేం జవాబు చెప్పేలోగా ఆమె మెషీను వైపు తిరిగి, ముసలాయనతో "హాఁ బాబా, ఆగే బోలియే" అంది. ఆయన చెబుతూంటే మిగతా కాగితమంతా టైపు చేసింది. పది నిమిషాలు పట్టిందేమో. నా జీవితంలో అంత పొడుగు పది నిమిషాలు లేవు. నేను గోడదాకా నడిచి వెనక్కి వచ్చాను, మళ్ళీ నడిచాను. కాదంటే ఏం చెయ్యాలి? కాళ్ళు పట్టుకోవాలా? ఆ అమ్మాయికి కాదనే హక్కు లేదని ఎవరనగలరు? అలా అనుకుంటూనే, కాదంటే మాత్రం నేను ఊరుకోనని కూడా తెలుసు.

కాగితం లాగి ముసలాయనకిచ్చి, మెషీనుకి కవరు తొడిగి లేచింది.

"పదండి. రక్తం ఎక్కడ తీస్తారు?"

"మీ ఆయన్ని అడగక్కర్లేదా అమ్మా?" అన్నాను.

"ఆయనకి నాను సెప్పుకుంటాను."

ల్యాబులో రెండు గొట్టాలూ నింపించాం. మోచేతి దగ్గర దూది నొక్కుకుని బెంచీమీద కూర్చుని, కలిస్తే ఎలా తీస్తారని అడిగింది. చీటీ తీశాను. ఎముకా, మెషీనూ రెండూ చెప్పాను. అంతదాకా గోడకి ఆనుకుని ఉన్న అత్తగారు ఒక్కసారి ముందుకొచ్చింది.

"మెషీనుదే బాబూ. దానికి మత్తిచ్చి ఎముకలు పొడవొద్దు."

విజయ ఆవిడ వైపు చూడలేదు. "అక్కకి ఏది మంచిది బావా?"

రెండూ ఒకటే అనేసి ఉంటే ఆ తల్లికి కాస్త ఊరట కలిగేది. ఇచ్చే పిల్లకీ బాధ తగ్గేది. కానీ డాక్టరు నాకు స్పష్టంగా చెప్పారు. మెషీనుతో తీసిన దాంట్లో కణాలు ఎక్కువుంటాయి, రక్తం తొందరగా పుడుతుంది. అయితే వచ్చిన కొత్త రక్తం కొందరిలో వాళ్ళ చర్మం మీదా, లివరు మీదా, పేగుల మీదా నెలల తరబడి తిరగబడుతుంది. కరుణకున్న జబ్బుకి ఆ తిరుగుబాటు వల్ల ఒక్క లాభమూ లేదు. ఎముకలోంచి తీసిన దాంట్లో ఆ బెడద తక్కువ. అందుకని ఆయన మూలుగే కోరుకుంటున్నారు.

"ఎముకదే మంచిదమ్మా" అన్నాను.

"అయితే ఎముకదే తియ్యండి."

"నొప్పి అమ్మీ!" అంది అత్తగారు.

"సిన్నప్పుడు జొరమొస్తే అమ్మ ఏటనీదో తెలుసా పెద్దమ్మా? నువ్వు బాగున్న పిల్లవే, నీకేటీ అవదు అనీది. కామెర్లొచ్చినప్పుడు కూడా నాను ఎవలికీ సెప్పలేదు. సెప్పి మాత్రం ఏ ఆసుపత్రికెల్తాం?" కోపంగా అనలేదు. ఊరికే జరిగింది చెప్పినట్టు చెప్పింది. దూది తీసి చెత్తబుట్టలో పడేసి, మధ్యాహ్నం ఇంకో అఫిడవిట్ ఉందంటూ కచేరీకి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం దుర్గ్‌లో బండెక్కి, గొట్టాలున్న సంచీ ఒళ్ళో పెట్టుకుని, విజయనగరం దాకా కదలకుండా కూర్చున్నాను.

చెన్నై

గొట్టాలు గడువులోపలే చెన్నైలో ఇచ్చి వచ్చాను. ఫలితం వచ్చేదాకా ఎలా గడిచిందో అడక్కండి. బొబ్బిలి వెళ్ళేవాడికి సాలూరు టికెట్టు కొట్టాను. చివరికి ఫోన్ వచ్చింది. విజయది పూర్తిగా కలిసింది. నేను డ్యూటీలోనే, బస్టాండులో అందరిముందూ ఏడ్చాను.

మూలుగ మార్పిడి అయిన నాలుగో వారానికి కరుణకి సొంతంగా రక్తం పుట్టడం మొదలైంది. ఇప్పుడు ఇంట్లో ఉంది. మూతికి గుడ్డ కట్టుకుని నన్ను కేకలేస్తోంది. విజయే ఫోన్‌లో అక్కకి అంతా చెప్పింది. ఇది రాయడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. ప్రభుకి చెప్పాల్సింది అత్తగారు. ఇంకా చెప్పలేదు. అతనికి ఇది ఎవరైనా చదివి వినిపిస్తారేమోనని నాకు గుబులుగానే ఉంది.

మూలుగ తీసిన రోజు సంగతి చెప్పి ముగిస్తాను. పొద్దున్నే విజయని లోపలికి తీసుకెళ్ళారు. రెండు గంటల తరవాత నర్సు ఒక సంచీ పట్టుకుని కరుణ గదిలోకి వెళ్ళింది. ముదురెరుపు, మామూలు నెత్తురులాగే ఉంది. అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాను. అత్తగారు అద్దం దగ్గరికి రాలేదు. ఎక్కడుందా అని వెతుక్కుంటూ కింద వార్డుకి వెళితే విజయ మంచం పక్కన స్టూలు మీద ఉంది.

విజయకి అప్పుడే మత్తు దిగుతోంది. పెదాలు ఎండిపోయాయి. నర్సు వంగి నొప్పిగా ఉందా అని అడిగింది. లేదని తల అడ్డంగా ఊపింది. నర్సు సరేనని వెళ్ళిపోయింది.

కాసేపటికి మెల్లగా తల తిప్పి, స్టూలు మీదున్న మనిషిని గుర్తుపట్టింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"పెద్దమ్మా, బాగా నొప్పేస్తంది" అంది.

అత్తగారు చెప్పులు కూడా వేసుకోకుండా, నర్సు వెళ్ళిన వైపు "అమ్మా, నా పిల్లకి నొప్పట, రండమ్మా" అని అరుస్తూ పరుగెత్తింది.